అక్క గోలీల డబ్బాలో సెలీనియం లెక్క

సద్దుల బతుకమ్మకు అక్క జనగామకు వచ్చింది. అమ్మ చేసిన మలీద ముద్దను చేతిలోకి తీసుకుని, ఒకసారి వాసన చూసి, మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. మలీద అంటే చిన్నప్పుడు నా వాటా కూడా లాక్కుని తినేది. ఏమైందక్కా అంటే కాగితం తీసి చూపించింది. పరగడుపున 118. మూడు నెలల షుగర్ 6.2.

"బార్డర్ల ఉన్నదట తమ్మీ. తీపి బంద్ వెట్టిన. రాత్రి అన్నం బంద్ వెట్టి రెండు పుల్కాలు తింటున్న. పొద్దుగాల నడుస్తున్న. అయినా ఎందుకు పెరుగుతున్నదిరా?"

బాపుకు షుగర్. అమ్మకు షుగర్. అక్కకు యాభై నాలుగేళ్లు, కరోనా తర్వాత ఎనిమిది కిలోల బరువు పెరిగింది. కారణాలు వెతకాల్సినంత దూరంలో ఏమీ లేవు. అయినా ఇరవై రెండేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నవాణ్ని, ఏమేం వేసుకుంటున్నావో చూపించమన్నాను. స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

థైరాయిడ్ గోలీల సీసా. బీపీ షీటు. ఆ రెండూ సరే. వాటి కింద రెండు కత్తిరించిన షీటు ముక్కలు. ఒకదాంట్లో మూడు కాప్సూళ్లు, ఇంకోదాంట్లో నాలుగు గోలీలు. వెనక తిప్పి చూస్తే కత్తెర సరిగ్గా మందు పేరు మీదుగా పోయింది. ఫోన్ టార్చి వేసి చూశాను. ఒక ముక్క మీద గడువు తేదీలో సంవత్సరం మాత్రం ఉంది. రెండో దాని అంచున "సెలీ" వరకు అచ్చు ఉంది, తర్వాత రేకు లేదు. ఇలా కోసి ఇవ్వడం మా దుకాణాల్లో రోజూ జరిగే పనే. ఐదు గోలీలు చాలంటే ఐదే కోసి ఇస్తాం. ఏం తింటున్నారో తెలిపే అక్షరాలు మిగతా సగంతో మా డ్రాయర్లోనే ఉండిపోతాయి. ఆ సంగతి ఆ రోజు మా ఇంట్లో కూర్చుంటే గుండెకు తగిలింది.

"ఇవి దేనికక్కా?"

ఒకటి జుట్టు రాలుతుందని చర్మం డాక్టరు మూడు నెలలకు రాసింది. అక్క ఏడాదిన్నరగా వాడుతోంది. రెండోది కరోనా అప్పుడు మొదలైన యాంటీఆక్సిడెంట్ కాప్సూల్, అదెవరూ ఆపమనలేదు. ఇవి కాక జిప్పు కవర్లో బ్రెజిల్ నట్స్. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు పంపించాడు. సెలీనియం అంటే ఒంటికి చాలా కొద్దిగా కావాల్సిన ఖనిజం. అది థైరాయిడ్‌కు మంచిదని ఎవరో వీడియోలో చెప్తే వాడు చూసి అమ్మ కోసం కొన్నాడు. రాత్రి నానబెట్టి పొద్దున నాలుగు. "బాదం పలుకులే కదరా, జర పెద్దయి."

పండగ రోజు దుకాణం మూసే ఉంది. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని చెరువు దిక్కు పోయాక, షట్టర్ సగం లేపి లోపలికి దూరాను. ఆ రెండు మందుల నిండు షీట్లు తీసి వెనక చదివాను. జుట్టు గోలీలో సెలీనియం 65 మైక్రోగ్రాములు. కాప్సూల్లో 75. క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. బ్రెజిల్ నట్స్ లెక్క కొంచెం కష్టం. అమెజాన్ అడవిలో ఆ చెట్టు ఏ నేలలో నిలబడిందో దాన్ని బట్టి గింజలో సెలీనియం మారుతుంది. అమెరికా ఆరోగ్య సంస్థల పట్టికలో ఒక ఔన్సుకు, అంటే ఆరు నుంచి ఎనిమిది గింజలకు, 544 మైక్రోగ్రాములు అని ఉంటుంది. గింజకు డెబ్బై నుంచి తొంభై. నాలుగంటే తక్కువలో తక్కువ 280 వేసుకున్నాను.

280, 65, 75. మొత్తం 420. ఇంకా గుడ్డు, చేప, పప్పు, పుల్కాలు లెక్కలోకి రానే లేదు.

మన భారతీయ వైద్య పరిశోధన మండలి పెద్దవాళ్లకు రోజుకు చాలన్నది 40 మైక్రోగ్రాములు. అమెరికాలో 55. దాటకూడని గీత అమెరికా లెక్కలో 400. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఆ గీతను 255కు దించింది. అక్క రెండు గీతలూ దాటింది, దాటినట్టు ఎవరికీ తెలియదు. ఆమెకు ఇచ్చిన ప్రతి ఒక్కరూ మంచి కోరే ఇచ్చారు.

గీతను 255కు ఎందుకు దించారో చదివితే నాకు నోట మాట రాలేదు. సెలీనియం ఎక్కువైనప్పుడు ముందుగా కనిపించే లక్షణాల్లో జుట్టు రాలడం ఒకటి. ఆ సంస్థ కొలతకు తీసుకున్నదీ అదే. జుట్టు రాలకుండా వేసుకునే గోలీలో ఉన్నది, మోతాదు మించితే జుట్టునే రాలుస్తుంది. గోళ్లు పెళుసెక్కుతాయి. ఊపిరికి వెల్లుల్లి వాసన వస్తుంది. అక్క వేళ్లు చూశాను. బొటనవేలి గోరు అంచు పొరలు పొరలుగా లేచి ఉంది, చిక్కుడుకాయ ఈనె తీస్తుంటే విరుగుతుందట. థైరాయిడ్ తక్కువున్నా గోళ్లు అలాగే అవుతాయి కాబట్టి నేను దాన్ని సెలీనియం ఖాతాలో రాయలేదు. కానీ చూసినదాన్ని మర్చిపోనూ లేదు.

ఇక షుగర్ సంగతి. దీని కోసమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

అమెరికా తూర్పు ప్రాంతంలో నేలలో సెలీనియం తక్కువున్న చోట్ల 1983లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. చర్మ క్యాన్సర్ ఒకసారి వచ్చి తగ్గిన 1312 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్టు గోలీ, మిగతా వాళ్లకు మందేమీ లేని ఉత్త గోలీ ఇచ్చారు. 1996లో ఫలితం వచ్చింది. చర్మ క్యాన్సర్ తగ్గలేదు గానీ ప్రొస్టేట్ వంటి వేరే క్యాన్సర్లు తగ్గినట్టు కనిపించాయి. అంతే, లోకమంతా సెలీనియం వెంట పడింది. మా హోల్‌సేల్ బిల్లుల్లో యాంటీఆక్సిడెంట్ అన్న మాట నేను దుకాణం పెట్టిన నాటి నుంచే ఉంది.

తర్వాత అదే పరీక్షలో ఉన్నవాళ్ల రికార్డులు ఇంకో బృందం తిరగేసింది. మొదట్లో షుగర్ లేని 1202 మందిని సగటున 7.7 ఏళ్లు గమనించిన లెక్క అది. సెలీనియం వేసుకున్నవాళ్లలో 58 మందికి షుగర్ వచ్చింది, ఉత్త గోలీ వేసుకున్నవాళ్లలో 39 మందికి. అంటే రిస్కు ఒకటిన్నర రెట్లు. ఇది 2007లో అచ్చయింది. అందులో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఇంకో ముక్క: మొదటి రోజు రక్త పరీక్షలోనే సెలీనియం బాగా ఉన్న మూడో వంతు జనంలో, గోలీ వేసుకున్నవాళ్ల రిస్కు రెండున్నర రెట్లు దాటింది. కడుపు నిండినవాడికి వడ్డించినట్టు. లోటున్న చోట పోస్తే అది లోటులోకి పోతుంది. నిండిన కుండలో పోస్తే ఎటు పోతుంది?

ఇది ఒక్క పరీక్ష, అందులోనూ షుగర్ కోసం మొదలుపెట్టింది కాదు. అందుకే రెండోదాన్ని కూడా చూడాలి. క్యాన్సర్ ఆశతోనే 2001లో 35,533 మంది మగవాళ్లతో ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. అమెరికా, కెనడా, ప్యూర్టో రికోలలో. మళ్లీ 200 మైక్రోగ్రాములే, కొందరికి విటమిన్ ఇ తోడు. ఏళ్ల తరబడి సాగాల్సింది, 2008 అక్టోబరులో గోలీలు ఆపేయమన్నారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఏ మేలూ జరగడం లేదని తేలిపోయింది. షుగర్ విషయంలో సెలీనియం వర్గంలో కొద్దిగా ఎక్కువ మంది కనిపించారు గానీ, అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగినంత తేడా కాదు. యూరప్ సంస్థ జుట్టు రాలడం లెక్క తీసుకున్నది కూడా ఈ పరీక్ష నుంచే.

గోలీల మాట సరే, తిండి ద్వారా వచ్చేది? ఉత్తర ఇటలీలో ఏడు వేల మందికి పైగా ఆడవాళ్ల తిండి వివరాలు రాసుకుని, ఏళ్ల తర్వాత ఎవరికి షుగర్ వచ్చిందో చూశారు. 2010లో వచ్చిన ఆ అధ్యయనంలో తిండిలో సెలీనియం అందరికన్నా ఎక్కువున్న ఐదో వంతు ఆడవాళ్లకు, అందరికన్నా తక్కువున్న వాళ్లతో పోలిస్తే, షుగర్ వచ్చే అవకాశం రెండు రెట్లకు పైగా కనిపించింది. సెలీనియం ఎక్కువున్న తిండి అంటే చేప, మాంసం, గుడ్డు కూడా కదా, వాటితో వచ్చే ఇంకేదో కారణం కావచ్చు. పరిశోధకులు ఇలాంటివి లెక్కలో సరిచేస్తారు, కానీ ఎంత సరిచేసినా కొంత మిగిలే ఉంటుంది.

దీనికి అడ్డంగా నిలబడే అధ్యయనం కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. అమెరికాలో నర్సుల దగ్గర, మగ వైద్య సిబ్బంది దగ్గర 1980లలో కాలి గోళ్ల ముక్కలు సేకరించి దాచారు. గోరు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, నెలల తరబడి ఒంట్లోకి పోయిన సెలీనియం దానిలో లెక్క రాసినట్టు ఉంటుంది. 2012లో ఆ లెక్కలు బయటికి వచ్చాయి. గోళ్లలో సెలీనియం ఎక్కువున్నవాళ్లకు షుగర్ దాదాపు పావు వంతు తక్కువగా వచ్చింది! ఫ్రాన్సులో పెద్ద వయసు మగవాళ్లను తొమ్మిదేళ్లు గమనించినప్పుడు కూడా రక్తంలో సెలీనియం బాగున్నవాళ్లకు చక్కెర సమస్య తక్కువే.

మరి ఏది నిజం? నేను నమ్ముతున్నది, చాలామంది శాస్త్రజ్ఞులు కూడా అంటున్నది ఇదీ: రిస్కు గీత ఇంగ్లీషు యూ (U) అక్షరంలా వంగి ఉంటుంది, రెండు కొసలూ పైకి, నడుమ కిందికి. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. మనం ఏ కొసన నిలబడ్డామో తెలియకుండా ఒక గోలీ వేసుకుంటే, అది మనల్ని కిందికి దించుతుందో పైకి నెడుతుందో ఎట్లా తెలుస్తుంది?

ఎక్కువైతే ఎందుకు చెడుపు అన్నది నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. సెలీనియం ఒంట్లో ఊరికే తిరగదు, ఇరవై ఐదు రకాల ప్రొటీన్లలో కూర్చుని పని చేస్తుంది. వాటిలో ఒకటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీళ్లుగా మార్చేస్తుంది. పెరాక్సైడ్ అంటే మంట పుట్టించేది, విరగ్గొట్టేది, కాబట్టి దాన్ని ఎంత తుడిచేస్తే అంత మంచిదని మాకు కంపెనీ ప్రతినిధులు బొమ్మలు చూపించి చెప్పేవాళ్లు. కానీ ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తట్టినప్పుడు, ఆ కబురు లోపలికి చేరడానికి కొంచెం పెరాక్సైడ్ కావాలి. బండిని నిలబెట్టే బ్రేకు పడకుండా అది కాసేపు ఆపుతుంది, అప్పుడే కబురు ముందుకు పోతుంది. తుడిచేవాళ్లు మరీ ఎక్కువైతే ఆ కొంచెం కూడా మిగలదు. 2004లో ఈ ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యేలా మార్చిన ఎలుకలు లావెక్కాయి, వాటి ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేసింది.

2010లో జపాన్‌లోని కనజవా నుంచి ఇంకో సంగతి. కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపే సెలీనోప్రొటీన్ పి, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా తయారవుతోందనీ, దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే ఇన్సులిన్ పని మందగిస్తోందనీ చూపించారు. అయితే చక్కెర ఎక్కువైతే కాలేయ కణాలు ఈ ప్రొటీన్‌ను మరింత చేస్తాయని కూడా వేరే ప్రయోగాల్లో తేలింది. విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు ఇక్కడ ఇంకా విడలేదు. కానీ దేనివల్ల దేనికి ముప్పో తేలేదాకా, బార్డర్లో ఉన్న మనిషి రోజూ 420 మింగాల్సిన పనేముంది?

ఇక్కడ నా మాట నేను చెప్పాలి. 2021 ఎండాకాలంలో, రెండో వేవ్‌లో, నా దుకాణం ముందు తెల్లారేసరికి జనం నిలబడేవాళ్లు. జింకు, విటమిన్ సి, వాటితో పాటు ఒక యాంటీఆక్సిడెంట్ షీటు, ఈ మూడూ ఒక కవర్లో ముందే కట్టి పెట్టేవాణ్ని. అడిగినవాళ్లకూ ఇచ్చాను, అడగనివాళ్లకూ ఇచ్చాను. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది, బార్డర్లో ఉన్నవాళ్లు ఎంతమంది, ఇంట్లో ఇప్పటికే బలం గోలీలు వాడుతున్నవాళ్లు ఎంతమంది, ఒక్కరినీ అడగలేదు. భయం ఆ రోజుల్లో అందరిదీ. అయినా ఆ షీట్ల వెనక అక్షరాలు చదవగలిగింది నేను, వాళ్లు కాదు. నాలుగు నెలలు వాడి ఆపినవాళ్లు ఆపారు. అక్కలాగా ఆపనివాళ్లు కూడా ఉంటారు.

ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే చీటీల్లో షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ కింద ఒక యాంటీఆక్సిడెంట్ కాప్సూల్ ఉంటుంది. దాని ధర మెట్‌ఫార్మిన్ కన్నా నాలుగైదు రెట్లు. చేతిలో డబ్బులు సరిపోక, "కాప్సూల్ ఇయ్యి, చక్కెర గోలీ సగమే ఇయ్యి" అన్న పెద్దమనిషిని చూశాను. అది నాకు ఇప్పటికీ మనసులో మెదులుతుంది. పనిచేసే మందు సగానికి కోసుకుని, పనిచేస్తుందని తేలని దానికి పూర్తి డబ్బు పెట్టడం! లోపం లేనివాళ్లు విటమిన్లు, ఖనిజాలు అదనంగా వేసుకుంటే షుగర్‌కు మేలని రుజువు లేదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా తన మార్గదర్శకాల్లో చెబుతోంది. ఆయనకు నేను చీటీ రాసిన డాక్టరుకు ఫోను చేసి అడిగి, కాప్సూల్ తీసేసి, చక్కెర గోలీ నెలకు సరిపడా ఇచ్చాను.

పుల్కాల గురించి కూడా అడుగుతారు, అందుకే రెండు మాటలు. బియ్యంలో కన్నా గోధుమలో సెలీనియం సాధారణంగా ఎక్కువ. పంజాబులో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్లలో, శివాలిక్ కొండల నుంచి వరద తెచ్చిన మట్టి వల్ల, సెలీనియం మరీ ఎక్కువ. బర్వా, సింబ్లీ ఊళ్లలో పశువుల గిట్టలు ఊడిపోయాయి, మనుషుల జుట్టు రాలింది. లుధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని ఏళ్లుగా పరిశోధించారు. చైనాలో హుబే రాష్ట్రం ఎన్షీ ప్రాంతంలో 1960లలో ఇదే గతి. అదే చైనాలో కేషాన్ దగ్గర సెలీనియం లేక గుండె జబ్బుతో పిల్లలు, ఆడవాళ్లు చనిపోయారు. ఫిన్లాండు తన నేలలో లేదని 1980ల నడుమ నుంచి ఎరువుల్లోనే కలిపి చల్లుతోంది. నేల ఇచ్చినంతే మనిషికి. కానీ మన ఇంట్లో పిండి నాలుగు చోట్ల గోధుమ కలిసి వచ్చేది, రెండు పుల్కాలతో ఎవరూ గీత దాటరు. పుల్కాలు మానొద్దు.

ఇంకో జాగ్రత్త. థైరాయిడ్ ఎక్కువై కళ్లు ఉబ్బే జబ్బులో, అది తేలికగా ఉన్నప్పుడు, సెలీనియం ఆరు నెలలు ఇస్తే మేలు కనిపించిందని 2011లో యూరప్ డాక్టర్లు చూపించారు. అలాంటి కారణంతో డాక్టరు రాసినవాళ్లు ఇది చదివి ఆపేయకండి. ఎన్నాళ్లు వాడాలో మాత్రం ఆ డాక్టరునే అడగండి. అక్కది ఆ జబ్బు కాదు, ఆమెది మామూలుగా అందరికీ వచ్చే తక్కువ థైరాయిడ్.

మర్నాడు అక్కతో కూర్చుని క్యాలెండర్ కాగితం చూపించాను. మొదట కోపం వచ్చింది. "పిలగాడు అంత దూరం నుంచి పంపిండు, పారేయమంటావా?" పారేయమనలేదు. వాడి ప్రేమకు తూకం వేయడం నా పని కాదు. జుట్టు గోలీకి రాసిన మూడు నెలలు ఏడాది కిందటే అయిపోయాయని చర్మం డాక్టరుకు ఫోను చేయించాను, ఆమె ఆపేయమంది. కాప్సూల్ షుగర్ డాక్టరే తీసేశాడు. గింజలు వారానికి రెండు అనుకున్నాం. డల్లాస్‌కు నేనే ఫోను చేసి చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మామా, నేను మంచిదనే పంపిన" అన్నాడు. తెలుసురా అన్నాను.

సంక్రాంతి తర్వాత పరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ 6.1. 0.1 తగ్గిందని దేనికీ పేరు పెట్టలేను, ల్యాబు తేడానే అంత ఉంటుంది. ఆమె మధ్యాహ్నం అన్నం కూడా తగ్గించింది, నడక పెంచింది. గోరు మాత్రం కుదురు దగ్గర నుంచి నున్నగా పెరుగుతోంది, సగం దాకా వచ్చింది.

నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోను. కోడలు ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చిందట.

"తమ్మీ, అద్దాలు పెట్టుకున్న. కాగితం, పెన్ను తీస్కో. వెనక సన్నగ రాసి ఉన్నది, చదువుత. జింకు... ఇది కాదు... ఆగు... సెలీనియం. పక్కన ఇరవై ఉన్నది. ఒక్క చెంచాకా, గ్లాసుకా?"